‘ఒకటి రెండు చోట్ల’ అన్న మాటను కొట్టేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

గత మంగళవారం మీ జిల్లా పేజీలో ‘మళ్లీ తప్పిన వాతావరణ శాఖ జోస్యం’ అని పెద్ద అక్షరాల్లో వచ్చింది. దాని కింద ఆకాశం కేసి చూస్తున్న రైతు ఫొటో. ముందురోజు పేపరు ఇంకా మా ఇంట్లోనే ఉంటే తీసి చూశాను. అందులో మీ శీర్షిక ‘నేడు జిల్లాలో వర్షాలు’. వాతావరణ కేంద్రం బులెటిన్‌లో ఉన్న వాక్యం మాత్రం వేరు: ‘రాయలసీమలో ఒకటి లేదా రెండు చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది’. ఆ సాయంత్రం కళ్యాణదుర్గంలో చినుకు రాలలేదు, నిజమే. బెళుగుప్ప వైపు మాత్రం పడింది. మా చెల్లెలి కొడుకు అక్కణ్నుంచి తడిసి ముద్దై వచ్చాడు. అంటే బులెటిన్ తప్పలేదు. మీ దగ్గర దాన్ని కుదించినవాళ్లు ‘ఒకటి లేదా రెండు చోట్ల’ కొట్టేశారు, ‘అవకాశం’ కొట్టేశారు, మిగిలినదానికి జోస్యం అని పేరు పెట్టారు.

నేను 1986లో గణాంక శాఖలో చేరి 2020లో రిటైరయ్యాను. అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసరుని కాబట్టి ఊళ్లలో నన్ను ‘ఏఎస్‌ఓ మేడం’ అనేవాళ్లు. ముప్పై నాలుగేళ్లు అంచనాలు వేయడమే నా పని. ఆ రెండు మాటలు పోతే నాకు ఇంత బాధ ఎందుకో చెప్పుకోనివ్వండి. ఉత్తరం కొంచెం పొడుగవుతుంది.

‘ఒకటి లేదా రెండు చోట్ల’ అనేది మాటవరసకు అన్నది కాదు. ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతు, లేదా అంతకన్నా తక్కువ చోట్ల వాన నమోదవుతుందని దాని అర్థం. ‘కొన్ని చోట్ల’ అంటే నాలుగో వంతు దాటి సగం దాకా. ఆపైన ఇంకా రెండు మెట్లున్నాయి: సగం నుంచి ముప్పావు వరకు ఒకటి, ముప్పావు దాటితే ఇంకొకటి. ఇంత లెక్క ఆ నాలుగు మాటల్లో పొదిగి పంపుతున్నారు. విత్తనం ఇంట్లో పెట్టుకుని ఇవాళ గొర్రు కట్టాలా, రేపటిదాకా ఆగాలా అని చూసే రైతుకు నాలుగో వంతుకీ ముప్పావు వంతుకీ ఉన్న తేడానే అసలు వార్త. మీరు దాన్ని ‘జిల్లాలో వర్షాలు’ చేస్తే ఆయనకు మిగిలేది ఆశ, మర్నాడు కోపం.

మా ఉద్యోగంలో ముఖ్యమైనది పంట కోత ప్రయోగం, అంటే చిన్న చదరంలో పంట కోసి తూచి సగటు దిగుబడి అంచనా వేయడం. ఊరి అడంగల్‌లో ఆ పంట వేసిన సర్వే నంబర్లు రాసుకుని, ర్యాండమ్ నంబర్ల పట్టిక పెట్టి అందులోంచి ఒకటి తీస్తాం. ఆ చేనికి వెళ్లి నైరుతి మూలన నిలబడి పొడవు, వెడల్పు అడుగులతో కొలుస్తాం. మళ్లీ పట్టిక చూసి రెండు అంకెలు తీసుకుని, పొడవు వెంట ఒకటి, వెడల్పు వెంట ఒకటి, అన్నేసి అడుగులు నడిచి ఆగినచోట మేకు దిగ్గొడతాం. అక్కణ్నుంచి ఐదు మీటర్ల చదరం. మూలలు సరిగ్గా వచ్చాయా లేదా అని కర్ణం కొలవాలి, 7.07 మీటర్లు రావాలి. రాకపోతే మేకులు పీకి మళ్లీ మొదటికే. తాడు కట్టి, లోపలి శెనక్కాయ చెట్లు పీకించి, కాయలు తెంపించి, మట్టి దులిపి తూకం వేస్తాం. అందులో కొంత సంచిలో తెచ్చి, ఆరబెట్టి మళ్లీ తూకం.

శెట్టూరు మండలంలో ఒక ఏడు జరిగింది చెబుతాను. చేను నాలుగెకరాలు, ఎర్రనేల. ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. గట్టు పక్కన ఒక మూల మాత్రం తేమ నిలిచి పచ్చగా ఉంది. నా మేకు సరిగ్గా అక్కడే పడింది. చేనుగల పెద్దాయన నా పక్కన కూర్చుని అన్నాడు: “మేడమ్మా, చేనంతా మాడిపోయిండాది, చూస్తాండావు కదా. నీ మేకు పొయ్యి పొయ్యి ఈడే పడాల్నా? రవ్వంత అవతలికి జరిపితే ఎవురికి నష్టం?” బీమా ఆ సగటు మీదే ఆధారపడి ఉందని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. చుట్టూ పది మంది. నా చెయ్యి వణికింది. జరపలేదు. ఆ ఏడంతా ఆయన నాతో మాట్లాడలేదు. ఎదురుపడితే తల తిప్పుకుని పోయేవాడు.

ఎందుకు జరపలేదో ఆయనకు ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఆ గిన్నెలో మెతుకులన్నీ ఒకే నీళ్లలో ఒకే సెగకు ఉడుకుతాయి కాబట్టి ఆ మాట చెల్లుతుంది. పప్పులో ఉప్పు చూడాలంటే ముందు గరిటె అడుగుదాకా పెట్టి కలపాలి. చేనును ఎవరు కలుపుతారు? గరుసు ఉన్నచోట గరుసు, తేమ ఉన్నచోట తేమ. ర్యాండమ్ నంబరే మాకు గరిటె. దానికి గట్టు తెలియదు, రైతు తెలియదు, బీమా కంపెనీ తెలియదు. ఆ ఏడు మండలంలోని పది చదరాల్లో ఆరు పూర్తిగా మాడినచోట పడ్డాయి. అక్కడ పచ్చటి వైపు జరపమని నన్ను ఎవరూ అడగలేదు, కానీ అడిగే రోజులూ చూశాను. ఒకచోట జరిపితే అన్నిచోట్లా జరపాలి. అప్పుడు మండలం సగటు ఎవరి గొంతు పెద్దదైతే వారిదవుతుంది.

ఈ చదరం ఎంత ఉండాలన్న దాని మీద మన దేశంలో పెద్ద వాదమే నడిచింది. గణాంకవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1937 నుంచి బెంగాల్‌లో జనపనార సర్వేలు చేయిస్తూ, చిన్న ప్లాట్లు ఎక్కువ సంఖ్యలో కోయడం మేలన్నారు. మరో గణాంకవేత్త పి.వి. సుఖాత్మే కాదన్నారు. చిన్న ప్లాటులో దిగుబడి ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుందని చూపించారు. అది ఎందుకో చేలో కూర్చున్నవాళ్లకు ఇట్టే తెలుస్తుంది. తాడు మీద పడ్డ చెట్టు లోపలిదా, బయటిదా? పీకే మనిషి చెయ్యి తెలియకుండానే దాన్ని లోపలికి లాగుతుంది. ప్లాటు చిన్నదైన కొద్దీ అంచు చెట్ల వాటా పెరుగుతుంది, తప్పూ పెరుగుతుంది. నేను మోకాళ్ల మీద కూర్చుని ప్రతి అంచు చెట్టు మొదలు ఎటు ఉందో వేలితో తడిమి చూసేదాన్ని. ఆ అలవాటు ఆ వాదం చదివాకే వచ్చింది.

మండలం యూనిట్‌గా ఉన్న రోజుల్లో పంటకు కనీసం 10 ప్రయోగాలు. 2016లో ఫసల్ బీమా యోజన వచ్చాక, గ్రామం యూనిట్ అయినచోట ప్రధాన పంటకు కనీసం 4. బీమా ఊరిదాకా రావడం మేలే. కానీ చేలమధ్య తేడా అంతే ఉందనుకుంటే, నాలుగు చదరాల సగటు అసలు దిగుబడికి అటూఇటూ పడే ఊగిసలాట పది చదరాల సగటుకు ఉండేదానికన్నా ఒకటిన్నర రెట్లు పైనే. పక్కపక్క ఊళ్లలో ఒకదానికి బీమా వచ్చి రెండోదానికి రాకపోతే మీరు ‘అధికారుల నిర్లక్ష్యం’ అని రాస్తారు. నిర్లక్ష్యం జరిగితే రాయాల్సిందే. ఒక్కోసారి మాత్రం కారణం ఆ నాలుగు మేకులు ఎక్కడ పడ్డాయన్నదే. దిగుబడి అంకె పక్కన అది ఎన్ని ప్రయోగాల సగటో మీరు వేశారనుకోండి, ‘మా ఊరికి నాలుగు చాలవు, పెంచండి’ అని రైతులే అడుగుతారు. ఆ ప్రశ్న అడిగే దారి ఇప్పుడు వాళ్లకు లేదు, ఎందుకంటే ఆ నాలుగు అన్న అంకె ఏ పేపర్లోనూ కనబడదు.

ఇక్కడ మా శాస్త్రంలోని పెద్దాయన్ని తలుచుకోవాలి. మా జిల్లాకు ఆనుకుని ఉన్న బళ్లారి సీమలో, హడగలిలో, 1920లో పుట్టిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు. అందరూ సి.ఆర్. రావు అంటారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదువుకున్న తెలుగాయన. ఉద్యోగం ఇంటర్వ్యూకని కలకత్తా వెళ్లి, అక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసి 1941లో అందులో చేరారు. 1946లో ఆయన్ను కేంబ్రిడ్జికి పిలిపించింది ఎముకల లెక్క కోసం. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన పాత అస్థిపంజరాలు. వాళ్లు ఏ జనానికి దగ్గరో పుర్రెల కొలతల నుంచి తేల్చాలి. ఒక్క కొలతతో అది తేలదు. ఎన్నో కొలతలను కలిపి రెండు గుంపుల మధ్య దూరం చెప్పే లెక్కను మహలనోబిస్ 1936లోనే ఇచ్చి ఉన్నారు. దాన్ని వాడారు. మనుషుల కొలతల కోసం పుట్టిన ఆ లెక్కతోనే ఇవాళ ఉపగ్రహ చిత్రంలో ఏ ముక్క ఏ పంటో విడదీస్తున్నారు. నాకు ఈ శాస్త్రం మీద ఉన్న ప్రేమంతా అందులోనే ఉంది. సూత్రానికి అది పుర్రెనో శెనక్కాయనో తెలియదు. అడిగేది ఒక్కటే: ఎలా ఎంచారు, ఎన్ని కొలిచారు, ఎంత ఊగుతోంది?

రావు గారు 1945లో, పాతికేళ్ల వయసులో రాసిన ఒక వ్యాసంలో తేల్చిన విషయం ఏమిటంటే, ఉన్న సమాచారంతో ఎంత గొప్పగా అంచనా వేసినా దాని ఊగిసలాట ఒక హద్దుకన్నా తగ్గదు. దాన్నే క్రామర్-రావు హద్దు అంటారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 22న కన్నుమూశారు. తెలుగు పేపర్లన్నీ ఫొటోలు వేశాయి. సంతోషమే. కానీ ఆయన చెప్పిన విషయం మీ వార్తల్లోకి రావాలి కదండీ. అంకె పక్కన ‘ఇంత అటూఇటూ’ అని రాయడం చేతగానితనం కాదు. అది లేని అంకెనే అనుమానించాలి. జోస్యానికి హద్దు ఉండదు. అంచనాకు ఉంటుంది. ఈ రెండు మాటలూ ఒకటి కావు.

1947లో జరిగినదొకటి చూడండి. ఢిల్లీ అల్లర్లప్పుడు వేలమంది ఎర్రకోటలో తలదాచుకున్నారు. లోపల ఎంతమంది ఉన్నారో ప్రభుత్వానికి తెలియదు, వెళ్లి లెక్కపెట్టే పరిస్థితి లేదు. భోజనాలు పెట్టే కాంట్రాక్టర్ల బిల్లులు మాత్రం పెరిగిపోతున్నాయి. గణాంకవేత్తలను అడిగారు. జె.ఎం. సేన్‌గుప్తా అనే ఆయన బిల్లుల్లోని బియ్యం, పప్పు, ఉప్పు తీసుకుని, ఒక మనిషి రోజుకు ఏది ఎంత తింటాడో దానితో భాగించమన్నారు. మూడింటికీ మూడు వేర్వేరు జనాభాలు వచ్చాయి. ఉప్పు చెప్పిన సంఖ్య అన్నిటికన్నా తక్కువ. ఉప్పు చవక, దాన్ని ఎక్కువ రాసి ఎవరూ బాగుపడరు. కాబట్టి ఉప్పునే నమ్మారు. అదే పద్ధతిని హుమాయూన్ సమాధి దగ్గరున్న చిన్న శిబిరంలో సరిచూస్తే సరిపోయింది. ఈ కథ సి.ఆర్. రావు గారే చెప్పేవారు. అంకె చేతికి రాగానే, దీన్ని పెంచితే ఎవరికి లాభం అని ముందు అడగాలని నేను దీన్నుంచే నేర్చుకున్నాను.

వానల సంగతికి మళ్లీ వస్తాను. 1904లో మన వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణితవేత్త. వాతావరణ శాస్త్రం చదివిన మనిషి కాదు. ప్రపంచంలో ఎక్కడెక్కడి గాలి ఒత్తిడి, వాన, ఎండల లెక్కలన్నీ తెప్పించి, మన గుమాస్తాల చేత ఏళ్ల తరబడి సహసంబంధాలు, అంటే ఒకటి మారితే ఇంకొకటి ఎంత మారుతుందన్న లెక్కలు, కట్టించారు. ఆ కాగితాల కుప్పలోంచే, పసిఫిక్ వైపు ఒత్తిడి పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గే ఊగిసలాట బయటపడింది. దానికి సదరన్ ఆసిలేషన్ అని పేరు పెట్టారు. ఇప్పుడు మీరు ఎల్‌నినో అని రాసే ప్రతి వార్తలోనూ ఆ పేరులేని గుమాస్తాల కూడికలున్నాయి.

2002లో ఈ శాఖ 16 అంశాల మోడల్‌తో దేశానికి మామూలు సగటులో 101 శాతం వాన అంది. వచ్చింది 81 శాతం. జులైలో రావలసినదాంట్లో దాదాపు సగమే కురిసింది. ఆ నెల నేను తిరిగిన ఊళ్లలో విత్తనం మట్టిలోనే చచ్చింది. రైతుల ముఖం చూడలేక కొన్ని ఊళ్లకు పొద్దు గూకాక వెళ్లాను. అది నిజంగా తప్పిన అంచనా. ఎలా చెప్పగలనంటే, ఆ మోడల్‌కు 4 శాతం అటూఇటూ అని ముందే హద్దు చెప్పారు, వచ్చిన వాన ఆ హద్దుకు ఎంతో అవతల పడింది. శాఖ ఆ మోడల్‌ను పక్కనపెట్టి 2003 నుంచి కొత్తవి తెచ్చింది. తప్పు పట్టాలన్నా హద్దే కావాలి. ‘అవకాశం’ కొట్టేసి, మర్నాడు తప్పిందనడం తప్పు పట్టడం కాదు. పది సార్లు ‘నూటికి డెబ్బై’ అంటే, ఏడు సార్లకు దగ్గరగా పడిందా లేదా అని చాలా రోజులు రాసుకుంటేనే వాళ్ల పనితనం తెలుస్తుంది.

ఇంకో శాస్త్రం మా ఇంట్లోకే వచ్చింది. మూడేళ్ల కింద మా కోడలికి మూడో నెలలో చేసే డబుల్ మార్కర్ పరీక్ష చేయించాం, కడుపులో బిడ్డకు డౌన్ సిండ్రోమ్ లాంటి లోపాల ముప్పు ఎంతో అంచనా వేసేది. రిపోర్టులో ఎర్ర అక్షరాల్లో ‘హై రిస్క్’, దాని కింద చిన్నగా 1:190. కాగితం చేతికిచ్చినవాళ్లు ఇంకేమీ చెప్పలేదు. ఇంటికి వచ్చేసరికి అబ్బాయి ముఖంలో రక్తం లేదు, కోడలు మంచం దిగలేదు. నేను డబ్బాలోంచి శెనగ్గింజలు తీసి పళ్లెంలో సరిగ్గా 190 లెక్కపెట్టాను. ఒక గింజకు కుంకుమ అద్ది కలిపేశాను. పళ్లెం తీసుకెళ్లి కోడలి పక్కన కూర్చుని, “ఇందులో ఆ ఒక్కటి మనది కావచ్చు, కాకపోవచ్చునమ్మా. వాళ్లు చెప్పింది ఇంతే” అన్నాను. ఆ పిల్ల చాలాసేపు ఆ ఎర్ర గింజనే చూసింది. తర్వాత మిగతావాటి మీద చెయ్యి వేసి మెల్లగా కదిపింది. మరుసటి వారం డాక్టరు గారు చెప్పిన తర్వాతి పరీక్ష చేయించాం, అంతా బాగుందని వచ్చింది. మొదటి పరీక్ష జబ్బు ఉందని చెప్పేది కాదు, రెండో పరీక్ష ఎవరికి చేయాలో ఏరేది. 1:250 దగ్గర ఒక గీత గీసుకుని, దానికి ఇవతల పడ్డవాళ్లందరినీ హై రిస్క్ అంటారు. ఇది ఎవరైనా రెండు నిమిషాలు చెప్పి ఉంటే ఆ వారం రోజులు మా ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలిగేది.

మీ ఆరోగ్యం పేజీలో తరచూ ‘ముప్పు రెట్టింపు’ అని వస్తుంది. ఎంత నుంచి ఎంతకు? పదివేల మందిలో ఒకరు ఇద్దరయ్యారా, పదిమందిలో ఒకరు ఇద్దరయ్యారా? రెండూ రెట్టింపే. మొదటిది చదివి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు, రెండోదైతే వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి.

మందు పనిచేస్తోందా లేదా అని తేల్చడానికి ఆసుపత్రులు వాడే పద్ధతి కూడా మా చేలో నుంచి వెళ్లిందే. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పొలాల్లో 1919లో చేరిన గణాంకవేత్త ఫిషర్, ఏ మడికి ఏ ఎరువన్నది మనిషి ఎంచకూడదు, చీటీ తీయాలన్నారు. క్షయకు స్ట్రెప్టోమైసిన్ పరీక్షించి 1948లో ఫలితాలు ప్రచురించిన బ్రిటన్ వైద్యులు రోగులను విడదీసింది ర్యాండమ్ నంబర్లతోనే. మనకూ ఈ చరిత్రలో చోటుంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానటోరియం (క్షయ ఆసుపత్రి) వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో 1950లోనే బీసీజీ టీకా పరిశీలన మొదలుపెట్టారు. తర్వాత 1968లో తమిళనాడులోని చెంగల్పట్టులో ఇంకా ఎంతో పెద్ద ఎత్తున చేస్తే, పెద్దలకు వచ్చే ఊపిరితిత్తుల క్షయ నుంచి ఆ టీకా రక్షించడం లేదని తేలింది. పసిపిల్లల మెదడు పొరలకు సోకే తీవ్రమైన క్షయను అడ్డుకుంటుంది కనుక పుట్టగానే వేస్తూనే ఉన్నాం. ‘టీకా పనిచేస్తుందా?’ అన్నదానికి ఒక్క ముక్క జవాబు లేదు. ఎవరికి, ఏ రకం జబ్బు నుంచి, ఎంత అన్నది చెప్పాలి. శీర్షికలో పట్టకపోతే మొదటి వాక్యంలోనైనా పట్టించండి.

నేను అడుగుతున్నవి మీకు ఖర్చయ్యేవి కావు. వాతావరణ వార్తలో ‘ఒకటి లేదా రెండు చోట్ల’, ‘కొన్ని చోట్ల’ అన్న మాటలను యథాతథంగా ఉంచండి. నెలకోసారి వాటి అర్థం ఒక చిన్న గడిలో వేయండి. దిగుబడి రాస్తే ప్రయోగాల సంఖ్య, సర్వే రాస్తే ఎంతమందిని అడిగారో, వాళ్లను ఎలా ఎంచారో రాయండి. జోస్యం అన్న మాటను జాతకాల శీర్షికకు వదిలేయండి. ఆదివారం నాడు గడిచిన వారం బులెటిన్ ఏమంది, జిల్లాలో ఎన్ని మండలాల్లో వాన పడింది అని ఏడు వరుసల పట్టిక వేయండి. శాఖ పని బాగుందో లేదో అప్పుడు పాఠకులే చెబుతారు. బాగా లేదని తేలితే మీ శీర్షికకు నేనే మొదట చప్పట్లు కొడతాను.

ఈ జూన్ 1 నుంచి నేను ఒక పొడుగు నోటుబుక్కులో ఎడమవైపు బులెటిన్ మాట, కుడివైపు మా డివిజన్‌లోని మండలాల వర్షపాతం రాస్తున్నాను. ఒక్క రోజు కూడా తప్పలేదు. మొదటి పట్టికకు అది పనికొస్తుందనుకుంటే మీ విలేకరిని పంపండి, ఇస్తాను. కాపీ తీసుకుని పుస్తకం మాత్రం ఆ సాయంత్రానికే తిరిగి ఇవ్వమనండి. రాత్రి రాసుకోవాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎస్‌ఓ,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా